మట్టిగోడల మన ఇల్లు

ప్రతి సంవత్సరం నవంబరు 2వ తేదీన మనం పోర్ట్ లూయీలోని ఆప్రవాసీ ఘాట్‌కు వెళ్తాము. ఆ పదహారు మెట్ల మీద పూలు ఉంచి, చేతులు జోడించి వస్తాము. 1834లో అదే తేదీన 'అట్లాస్' అనే ఓడ 36 మంది కూలీలతో ఈ దీవికి చేరింది. తరువాత 1849లో ఆ ఘాట్ కట్టారు. నాలుగున్నర లక్షలకు పైగా భారతీయులు ఈ దీవిలో దిగారు. 2006లో యునెస్కో వారు ఆ స్థలాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినప్పుడు మనమందరం గర్వించాము. గర్వించవలసినదే.

అయితే క్రిందటిసారి మా మనుమరాలు ఆ మెట్ల దగ్గర నిలబడి ఒక మాట అడిగింది. "తాతా, వాళ్లు ఈ మెట్లెక్కి ఎక్కడికి వెళ్లారు? వాళ్ల ఇల్లు చూపించు."

మేము సమాధానం చెప్పలేకపోయాము. చూపించడానికి ఏముంది? మోకాలో యురేకా భవనం ఉంది, అది దొరల ఇల్లు. చెరకు పొలాల మధ్య మిల్లుల పొగగొట్టాలు నిలిచి ఉన్నాయి, అవీ దొరలవే. ట్రియానాన్‌లో రాతి బారకులు ఉన్నాయి. అందులో మన కూలీలు ఉన్నమాట నిజమే గాని ఆ రాయి వారిది కాదు. మన వారు తమ చేతులతో తమ కోసం కట్టుకున్న ఇల్లు ఒక్కటైనా, చరిత్ర చిహ్నంగా, ఎవరైనా తాళం వేసి కాపాడుతున్నారా? లేదు. అది మట్టి ఇల్లు. కప్పు గడ్డిది. వానకు కరిగేది, గాలికి ఎగిరేది, ఆలుకకుండా ఒక ఏడాది వదిలేస్తే బీటలు వారేది. అందుకని దాని కథ రాతి మీద దొరకదు. పెద్దల నోట వినాలి, విన్నంతలో రాసిపెట్టుకోవాలి. ఈ వ్యాసంలో మేము చేయదలచినది అంతే.

మొదట, మన వారు వదిలివచ్చిన ఇంటిని గురించి చెప్పాలి.

ఈ దీవిలో ఇతరులు మనల్ని 'కొరంగీలు' అని పిలిచేవారు. గోదావరి ముఖద్వారం దగ్గర ఉన్న కోరంగి రేవు నుండి వచ్చిన పేరది. రేవు పేరే జాతి పేరు అయింది. అందరూ ఆ ఒక్క రేవు నుండే రాలేదు, మద్రాసులో ఓడ ఎక్కినవారు ఎందరో ఉన్నారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుండి కరువుల వల్లా అప్పుల వల్లా బయలుదేరినవారు వారు. ఆ తీరానికి తుపాను కొత్త కాదు. 1789 డిసెంబరులో కోరంగిని సముద్రం ముంచింది. 1839 నవంబరులో మళ్లీ ముంచింది, ఆ దెబ్బకు రేవు మళ్లీ మునుపటిలా కోలుకోలేదు. 1840ల దశకంలో కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన సుడిగాలి తుపానుకు 'సైక్లోన్' అని పేరు పెట్టాడు. ఆ పేరు నిలబడడానికి ఆధారమైన తుపానులలో కోరంగిది కూడా ఒకటి. మనం ఇక్కడ నిత్యం అనే 'సిక్లోన్' మాటకు మన తాతల రేవుతో ఇంత చుట్టరికం ఉన్నదని మాకు చాలాకాలం తెలియదు.

అటువంటి తీరంలో బ్రతికేవారు ఇల్లు ఎలా కట్టుకున్నారు? శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల సముద్రతీర గ్రామాలలో చుట్టిల్లు అని ఉంటుంది. కొన్నేళ్ల క్రితం అక్కడికి వెళ్లినప్పుడు మేము చూశాము. గోడ గుండ్రంగా ఉంటుంది, మూల అన్నది లేదు. పైన తాటాకు కప్పు గొడుగులాగా అన్ని వైపులకూ వాలి ఉంటుంది. చూరు ఎంత క్రిందికి దిగుతుందంటే నడుము వంచకుండా లోపలికి పోలేము. ఆ ఇంటి పెద్దావిడ మాతో, "గాలికి మూల దొరికితే పట్టుకుంటాది బాబూ, దీనికి పట్టే లేదు, చుట్టు తిరిగి పోతాది" అన్నది. ఇంజనీర్లు ఇదే సంగతి పుస్తకాలలో రాస్తారు. ఆవిడ ఒక్క మాటలో చెప్పింది.

ఆ గోడ పెట్టే పద్ధతి కూడా అడిగి తెలుసుకున్నాము. బంకమట్టిని తవ్వి, గుంటలో నీరు పోసి నానబెడతారు. వరిగడ్డిని తరిగి అందులో చల్లుతారు. కాళ్లతో తొక్కుతారు, మళ్లీ గడ్డి వేసి మళ్లీ తొక్కుతారు. ఒక రాత్రి ఊరనిచ్చి, మర్నాడు ముద్దలు చేసి, మూరెడు ఎత్తున వరుస పెడతారు. ఆ వరుస ఆరి గట్టిపడిన తరువాతనే పై వరుస. తొందరపడితే క్రింది మట్టి పై బరువుకు ఉబ్బిపోతుంది. గడ్డి ఎందుకు? ఉత్త బంకమట్టి ఆరేటప్పుడు కుదించుకుంటుంది, కుదించుకుంటే పగులుతుంది. గడ్డిపోచలు ఆ పగులును ఒకచోట పెద్దది కానివ్వకుండా, గోడంతా కనీకనపడని సన్నని చారలుగా పంచివేస్తాయి. గోడ లోపల అవి నరాల వంటివి.

ఇంత నేర్పును చేతులలో పెట్టుకుని మన వారు ఇక్కడ దిగారు. దిగిన వెంటనే ఆ చేతులకు పని పడలేదు. ఎస్టేటు కాంపులో వారికి ఇల్లు ముందే నిర్ణయమై ఉంది.

కాంపు అంటే చెరకుతోట అంచున వరుసగా వేసిన గుడిసెలు. కొన్ని ఎస్టేట్లలో రాతి బారకులు, ఎక్కువ చోట్ల గడ్డికప్పు పాకలు. ఒప్పందంలో జీతం మగవారికి నెలకు 5 రూపాయలు, దానితోపాటు బియ్యం, పప్పు, ఉప్పు, ఉండడానికి చోటు. ఆ చోటు ఎస్టేటుది. ఒప్పందం ఉన్నంతవరకే కప్పు, అది ముగిసి మళ్లీ సంతకం పెట్టకపోతే మూట కట్టుకోవాలి. ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసే కాలమది. ఇల్లు కూడా ఆ కోతలో భాగమే అన్నట్టు ఉండేది. మన గ్రామాల పేర్లు చూడండి. కాం ద మాస్క్, కాం దియాబ్ల్, కాం ఫుకేరో, ఇలా ఎన్నో. కాంపులు పోయినా ఆ మాట మన చిరునామాలో మిగిలిపోయింది.

ఒప్పందం తీరిన వారి గతి మరొక రకం. 1867 చట్టం క్రింద 'పాత వలసదారు' అన్నవాడు తన ఫోటో అంటించిన టికెట్టు, పోలీసు పాసు ఎల్లప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. ఏ జిల్లాలో ఉంటున్నదీ అందులో రాసి ఉండాలి. లేకపోతే దేశదిమ్మరి అని పట్టుకుని జైలులో వేసేవారు. ఇల్లు లేనివాడు అప్పుడు నేరస్థుడు. ఈ బాధలు తాళలేక 1871లో 9,401 మంది పాత వలసదారులు గవర్నరుకు అర్జీ పెట్టుకున్నారు. దానిని రాసి, ఊరూరా తిరిగి, దెబ్బలు తిన్నవాడు అడోల్ఫ్ ద ప్లెవిట్స్. ఆ మరుసటి సంవత్సరం రాయల్ కమిషన్ నియమించబడింది. 1875లో వచ్చిన దాని నివేదికలో జీతాలు, ఆస్పత్రులు, పోలీసుల దౌర్జన్యంతో పాటు కాంపుల నివాసాల సంగతి కూడా ఉంది. మన వారి ఇంటి గోడల గురించి ప్రభుత్వం ఒకటి రాయడం అప్పుడు జరిగింది. రాసినవారు లోపల నిద్రపోయినవారు కారు, అది వేరే మాట.

1880ల దశకంలో చక్కెర ధర పడిపోయింది. దొరలకు అప్పులు పెరిగాయి. పనికిరాదనుకున్న అంచు భూములను ముక్కలు చేసి అమ్మడం మొదలుపెట్టారు. ఈ ముక్కలు చేయడాన్నే 'మోర్సెల్మాం' అన్నారు. మన వారు రూపాయి రూపాయి కూడబెట్టి, ఆడవారి చెవులవీ ముక్కులవీ అమ్మి, ఆ రాళ్లభూమిని కొన్నారు. మా తాత కొన్నది పాతిక పెర్ష్‌లు, అంటే ఆర్పాంలో నాలుగో వంతు. అందులో సగం నల్లరాళ్లు. ఆ రాళ్లు ఏరి గట్టుగా పోయడానికే రెండేళ్లు పట్టిందని మా నాయనమ్మ చెప్పేది. కాని ఆ రాళ్ల మధ్యనే మొట్టమొదటిసారిగా, ఎవరూ వెళ్లగొట్టలేని ఇల్లు లేచింది. దానిని ఇక్కడి వారంతా క్రియోలులో 'లాకాజ్ లాపాయ్' అన్నారు, గడ్డి ఇల్లు అని అర్థం. మన ఇంట్లో మాత్రం 'ఇల్లు' అనే అన్నాము.

ఆ ఇల్లు ఎలా కట్టేవారో కాస్త వివరంగా రాయడం అవసరమని మా అభిప్రాయం. తెలిసినవారు తగ్గిపోతున్నారు.

పని చలికాలంలో మొదలయ్యేది. అందుకు కారణాలు రెండు. జూన్ నుండి చెరకు కోత, కాబట్టి కప్పుకు ఆకు దొరుకుతుంది. పైగా నవంబరు తరువాత తుపానుల కాలం, ఈలోపుగా గోడ ఆరాలి. ఉత్తరాన, పడమర తీరాన వాన తక్కువ గనుక అక్కడ గోడ తొందరగా ఆరేది. క్యూర్‌పిప్ వంటి మెట్టప్రాంతాలలో ఏడాది పొడుగునా ముసురే, అక్కడ మట్టిగోడ ఎప్పుడూ పచ్చిగానే ఉండేదని అటువైపు చుట్టాలు వాపోయేవారు.

ముందు నేలను ఎత్తు చేసి, చుట్టూ నల్లరాళ్లు పేర్చి, అరుగు కట్టేవారు. మట్టి ఇంటికి ప్రాణం దాని పాదంలో ఉంటుంది. చూరు నుండి జారిన నీరు నేల మీద పడి చింది, గోడ అడుగును తొలిచేస్తుంది. అందుకే అడుగున రాయి, పైన వెడల్పాటి చూరు. ఈ రెండూ సరిగా ఉంటే మధ్యనున్న మట్టి చాలాకాలం నిలుస్తుంది. తరువాత నాలుగు మూలలా సరుగుడు గుంజలు పాతేవారు. మధ్యలో నిట్రాడు, పైన వెన్నుదూలం. గుంజల మధ్య చీల్చిన వెదురుబద్దలు, సన్నని కొమ్మలు అడ్డంగా నిలువుగా అల్లి తడక చేసేవారు. కట్టడానికి మేకులు లేవు. ఆలోయ్ నారను నీళ్లలో నానబెట్టి బిగించి కట్టేవారు. అది ఆరాక బిగుసుకుంటుంది.

ఇక్కడ చదువరులు ఒక తేడా గమనించాలి. పైన చెప్పిన మన తీరపు ఇంట్లో మట్టే గోడ, బరువు మోసేది మట్టే. ఇక్కడ బరువు మోసేది కర్ర, మట్టి దాని మీద చర్మం మాత్రమే. గుండ్రటి గోడ పోయి నాలుగు మూలల గోడ వచ్చింది. కాంపు వరుసలలో రెండు మూడు తరాలు గడిపినవారికి ఇల్లంటే నాలుగు మూలలే అయిపోయింది. తాటాకు లేదు, వరిపంట లేదు కాబట్టి వరిగడ్డి లేదు. మనం తినే బియ్యం ఓడ మీద వచ్చేది గాని గడ్డి రాదు గదా. దొరికినదానితో సరిపెట్టుకోవడం మన వారి విద్య. వరిగడ్డి బదులు పొలం గట్టున పెరిగే ఫాతాక్ గడ్డి తరిగి మట్టిలో కలిపారు. తాటాకు బదులు చెరకు ఆకు కప్పారు. ఎవరి చెరకు కొడుతూ నడుము విరిగిందో ఆ చెరకు ఆకే ఇంటి కప్పయింది.

మట్టి తొక్కేనాడు చుట్టుపక్కల వారందరూ వచ్చేవారు. తెలుగువారు, తమిళులు, భోజ్‌పురి వారు అన్న తేడా గుంటలో దిగాక లేదు. కూలి ఇవ్వడం లేదు, మధ్యాహ్నం అన్నం పెట్టడం, రేపు వారి ఇంటికి వెళ్లి తొక్కడం. పిల్లలకు అది పండుగ. మేము అయిదారేళ్ల వయసులో మోకాలి లోతు బురదలో తొక్కిన జ్ఞాపకం ఇప్పటికీ ఉంది. ఎర్రటి ఆ మట్టి గోళ్లలోనుంచి వారం రోజులకు గాని పోయేది కాదు. తొక్కిన మట్టిని మగవారు అందిస్తే, తడకకు లోపలినుండి ఒకరు, బయటినుండి ఒకరు ఎదురెదురుగా నిలబడి ఒకే చోట ముద్ద కొట్టేవారు. రెండు ముద్దలూ తడక కన్నాల్లో కలిసి పట్టుకోవాలి. ఒక్కరే ఒకవైపు నుండి కొడితే ఆరాక ఊడిపోతుంది. మా నాయనమ్మ కోడళ్లు ఇద్దరినీ చెరొక వైపు నిలబెట్టేదట. "మాట్లాడుకోకపోయినా గోడ నిలబెట్టారు" అని నవ్వేది.

ఆ తరువాతి పనంతా ఆడవారిదే. గోడ ఆరి బీటలు కనపడగానే మెత్తటి మట్టి, ఆవుపేడ, కొంచెం ఇసుక కలిపి పలచగా మెత్తాలి. పేడలో ఆవు నమిలిన గడ్డి సన్నని పీచుగా ఉంటుంది. దాని జిగట మట్టిని పట్టి ఉంచుతుంది, పైపొర రాలకుండా చేస్తుంది. ఇది ఒకసారితో తీరే పని కాదు. నేల వారానికి ఒకసారి అలకాలి. గోడ వానాకాలం దాటాక ఒకసారి, ఉగాదికి ఒకసారి. అమ్మోరు పండుగకు ముందు ఇల్లంతా, వాకిలితో సహా. అరచేతిని విల్లులాగా తిప్పుతూ వెనక్కు నడుస్తూ అలికితే నేల మీద అర్ధచంద్రాల వరుసలు పడేవి. అది మా నాయనమ్మ చేయి, ఇది మా అమ్మ చేయి అని మేము చూసి చెప్పగలిగేవాళ్లము. పొలంలో పగలంతా కలుపు తీసి, ఆవుకు గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వచ్చి, ఆ పైన ఈ పని. ఇంటి యజమాని అని కాగితం మీద తాత పేరు ఉండవచ్చు. ఆ ఇంటిని ప్రతి వారం మళ్లీ కట్టినది ఆమె.

వంటపాక వేరుగా ఉండేది, చెరకు ఆకుకు నిప్పురవ్వ తగిలితే ఆర్పడం ఎవరి తరమూ కాదు కనుక. లోపల ఎండాకాలంలో చల్లగా ఉండేది, ఈ కాలపు కాంక్రీటు గది ఆ చల్లదనానికి సాటి రాదు. మందపాటి గడ్డికప్పు ఎండను ఆపుతుంది. మట్టి గాలిలోని చెమ్మను పీల్చుకుని, పొడివేళ విడిచిపెడుతుంది. అంతమాత్రాన అది స్వర్గమని చెప్పబోము. కప్పులోనుండి జెర్రులు రాలేవి. ఎలుకలు తిరిగేవి. రెండేళ్లకోసారి కప్పు మార్చకపోతే వాన పడే రాత్రి గిన్నెలన్నీ నేల మీదికి వచ్చేవి. పొగకు మా నాయనమ్మ కళ్లు పోయాయి. పాతకాలం గురించి రాసేటప్పుడు చాలామంది ఈ భాగం వదిలేస్తారు, మాకు అది ఇష్టం లేదు.

ఇళ్లే కాదు, మన కోవెలలూ బడులూ మొదట ఇలాంటివే. మట్టిగోడ, గడ్డికప్పు, లోపల రాముని పటం, ఒక దీపం. రామభజన రాత్రి మధ్యలో దీపస్తంభం నిలిపి, చుట్టూ తెల్లవార్లూ పాడుతూ ఆడేవారు. తెల్లవారేసరికి అలికిన నేల అడుగుల క్రింద పొడి అయిపోయేది, మర్నాడు మళ్లీ అలికేవారు. సాయంత్రం అదే పాకలో కిరోసిన్ దీపం పెట్టి పిల్లలకు తెలుగు అక్షరాలు చెప్పేవారు. ఇటువంటి పాకలనే భోజ్‌పురి వారు బైఠకా అన్నారు. ఈ పత్రిక చదవగలుగుతున్న మనలో పెద్దవారు ఆ గోడల మధ్య ఓనమాలు దిద్దినవారే.

ఇక తుపానుల సంగతి.

1892 ఏప్రిల్ 29న వచ్చిన తుపానులో పోర్ట్ లూయీలో చాలాభాగం కూలిపోయింది, దీవిలో వెయ్యిమందికి పైగా మరణించారు. ఆనాడు గడ్డి ఇళ్లతోపాటు రాతి ఇళ్లు కూడా పడ్డాయి. తరువాత ఎన్నో వచ్చాయి, పోయాయి. ప్రతిసారీ కప్పు ఎగిరిపోవడం, ఆకు ఏరి మళ్లీ కప్పడం. మట్టి ఇల్లు పడితే మళ్లీ లేపడానికి డబ్బు అక్కరలేదు, చేతులుంటే చాలు. ఆ ధీమా మన వారిలో 1960 వరకూ ఉంది.

1960 జనవరిలో ఆలిక్స్ వచ్చింది. మా ఇంటి కప్పు సగం పోయింది. కోతకాలం కాదు కాబట్టి ఎండుటాకు లేదు. నాన్న పచ్చి ఆకు తెచ్చి, అది బరువు అని తెలిసీ, కప్పాడు. గోడలు నాని ఉన్నాయి, ఇంకా ఆరలేదు. అయిదారు వారాలకే, ఫిబ్రవరి 27, 28 తేదీలలో కేరోల్ వచ్చింది. గాలి గంటకు 256 కిలోమీటర్ల వేగం అందుకుంది. దీవి మొత్తం మీద 42 మంది చనిపోయారు. వేలకు వేల కుటుంబాలు ఇల్లు లేనివయ్యాయి.

తుపాను కన్ను మన దీవి మీదుగానే పోయింది. ఒక్కసారిగా గాలి నిలిచిపోయింది. ఆకాశం కనిపించింది. కొందరు అయిపోయిందనుకుని బయటికి వచ్చి రేకులు ఏరుకోసాగారు. మా నాయనమ్మ మాత్రం గుమ్మంలో నిలబడి, "ఇది సగమే. గాలి అటునుంచి తిరిగి వస్తుంది, పిల్లల్ని తీసుకుపోండి" అంది. ఆమె ఈ దీవిలో పుట్టినదే, కోరంగిని ఎన్నడూ చూడలేదు. ఆ మాట ఆమెకు ఎవరు నేర్పారో! నాన్న మమ్మల్ని ఎస్టేటు రాతి గిడ్డంగికి చేర్చాడు. అప్పటికే అక్కడ ఊరు సగం ఉంది. రెండవ గాలి మొదటిదానికి ఎదురుదిక్కు నుండి వచ్చింది. ఆ రాత్రి మమ్మల్ని బ్రతికించినది దొరల రాయి. దానిని దాచిపెట్టి రాస్తే చరిత్ర కాదు.

తెల్లవారి వెళ్లి చూస్తే కప్పు లేదు. గోడల మట్టి జారి అరుగు చుట్టూ ఎర్రటి బురదగా పడి ఉంది. తడక మాత్రం అక్కడక్కడా నిలబడి ఉంది, ఆలోయ్ ముడులు ఊడలేదు. నాయనమ్మ బురదలో చేయి పెట్టి సన్నికల్లు వెతికి తీసింది. మిగిలిన సామానేమీ దొరకలేదు.

కేరోల్ తరువాత సెంట్రల్ హౌసింగ్ అథారిటీ వారు దీవి పొడుగునా సితేలు కట్టించారు. వాటిలో చాలా ఇళ్లు ఆస్బెస్టాస్ రేకులవి. ఆ రేకులు ఊపిరితిత్తులకు హాని అని తరువాత తెలిసి, వాటిని తీసివేయడం పెద్ద సమస్యగా మారింది. మన ఊళ్లలో స్తోమత ఉన్నవారు సిమెంటు ఇటుకలతో ఒక గది, తరువాత ఇంకొకటి, కొడుకు పెళ్లికి పై అంతస్తు, ఇలా కట్టుకుంటూ పోయారు. 1975 ఫిబ్రవరిలో జెర్వేజ్ గంటకు 280 కిలోమీటర్ల గాలితో వచ్చినప్పుడు కాంక్రీటు కప్పు క్రింద కూర్చున్నవారు కేరోల్‌ను తలుచుకుని సిమెంటుకు దండం పెట్టారు. మా అమ్మకు సిమెంటు నేల వచ్చిన రోజు మాకు గుర్తుంది. నీళ్లు పోసి తుడిచి, "ఇక అలకనక్కరలేదు" అని చేతులు చూసుకుంది. ఆ సంతోషాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు మాకు లేదు.

కాని ఒకటి జరిగింది. గడ్డి ఇల్లు పోవడంతోనే సిగ్గు మొదలైంది. 'లాకాజ్ లాపాయ్‌లో పుట్టినవాడు' అన్నది తిట్టు అయింది. పెళ్లి సంబంధాల దగ్గర ఆ మాట దాచారు. ఫోటోలు ఉన్నవారు చింపేశారు, మా ఇంటి ఫోటో అలాగే పోయింది. తడక, నిట్రాడు, చూరు, అరుగు, అలుకు అన్న తెలుగు మాటలు మన ఇళ్లలో ముందు పోయాయి. చెప్పవలసిన వస్తువే లేనప్పుడు మాట ఎందుకు నిలుస్తుంది? ఇప్పుడు సముద్రపు ఒడ్డున హోటళ్లు చూడండి. గొడుగు వంటి గడ్డికప్పులు వేసి, దాని క్రింద కూర్చోవడానికి దూరదేశాల వారి దగ్గర డబ్బు తీసుకుంటారు. జర్మనీ వంటి దేశాలలో గడ్డి కలిపిన బంకమట్టితో ఇళ్లు కట్టడానికి నియమాలు రాసుకున్నారు, అది పర్యావరణానికి మేలని చెబుతున్నారు. మన నాయనమ్మలు సిగ్గుపడిన గోడ ఇప్పుడు చదువుకున్నవారి గోడ అయింది. కేరోల్ చూసిన మేము మట్టి ఇంటికి తిరిగి పొమ్మని ఎవరికీ చెప్పము. మట్టి తొక్కినవారు, తడక అల్లినవారు ఇంకా ఊరికి ఒకరిద్దరు ఉన్నారు. వారి దగ్గర కూర్చుని, ఏ కర్ర, ఏ నార, ఎంత గడ్డి అని అడిగి రాసుకోవడం మన సభల వారు ఈ సంవత్సరమే మొదలుపెడితే బాగుంటుంది. వచ్చే ఏడాదికి ఆ ఒకరిద్దరు ఉంటారో లేదో.

మనుమరాలి ప్రశ్నకు తిరిగి వస్తాము. ఘాట్ నుండి వచ్చిన ఆదివారం ఆమెను మా పాత స్థలానికి తీసుకువెళ్లాము. అక్కడ ఇప్పుడు మా తమ్ముని రెండంతస్తుల ఇల్లు ఉంది. దాని వెనుక, బట్టలు ఉతికే చోట, గడ్డి తొలగించి చూస్తే పాత అరుగు రాళ్లు మూడు వైపులా వరుసగా కనిపించాయి. నాలుగో వైపు కాంక్రీటు క్రింద ఉండిపోయింది. సన్నికల్లు గోడకు ఆనించి ఉంది, మా మరదలు ఇప్పటికీ పండుగనాడు దాని మీదనే మసాలా నూరుతుంది.

పిల్ల ఆ రాళ్ల వెంట ఒక్కొక్క అడుగే వేస్తూ కొలిచింది. పొడవు పదహారు అడుగులు, వెడల్పు తొమ్మిది. ఆగి మా వైపు చూసింది.

"ఇందులో ఎంతమంది ఉండేవాళ్లు తాతా?"

"పదకొండు మందిమి" అన్నాము. ఆమె మళ్లీ మొదటి నుండి కొలవడం మొదలుపెట్టింది.